వాడ కబుర్లు 31: అమ్మకు ఓడ టికెట్టు

పోయిన వారం నేను పెట్టిన రెండు లైన్ల పోస్టుకు ఇన్ని ఫోన్లు వస్తాయనుకోలేదు. "జూన్‌లో అమ్మను తీసుకుని ఓడెక్కుతున్నాం" అని రాశాను, అంతే. చాలామంది సంతోషపడ్డారు. ఒక పాత ఉద్యమ మిత్రుడు మాత్రం ఫోన్ చేసి, "ఏందన్నా, నువ్వు కూడా క్రూజులెక్కే కాడికి వచ్చినావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ "నువ్వు కూడా" నాలుగు రోజులు గుచ్చుకుంది.

మన వాడలో పెళ్లికి అప్పు చేసి మూడు లక్షలు పెడితే ఎవరూ ఏమీ అనరు. ఆసుపత్రికి పెడితే అసలే అనరు. మనోళ్లు కష్టానికి ఖర్చు పెట్టొచ్చు, పరువుకు ఖర్చు పెట్టొచ్చు. ఉత్తగా కూర్చుని నీళ్లను చూడ్డానికి పెడితే మాత్రం ఊరికీ లెక్క చెప్పాలి, ఉద్యమానికీ లెక్క చెప్పాలి. సరే, చెప్తా.

మా అమ్మ ఇరవై రెండేళ్లు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేసింది. రాయి చీల్చే కాడ, అంచులు కోసే కాడ, చెక్క ఫ్రేములు బిగించే కాడ. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి. ఆ పలకల మీద ఎందరు పిల్లలు అఆలు దిద్దారో! అమ్మకు సంతకం మాత్రం నేను డిగ్రీలో చేరాక నేర్పించాను. ఆమె సముద్రాన్ని చూసింది ఒక్కసారే. కొత్తపట్నంలో, గంటసేపు, తిరిగిపోయే బస్సు హారన్ కొడుతుంటే. ఈ మధ్య నా కూతురి ఫోన్‌లో చెన్నై ఓడ వీడియో చూసి, "అంత పెద్దదాంట్లో మామూలు మనుషుల్ని ఎక్కనిస్తారా అబ్బయా?" అని అడిగింది. ఎక్కాలని ఉందని చెప్పలేదు. ఎక్కనిస్తారా అని అడిగింది.

ఆన్‌లైన్‌లో బుక్ చేయొచ్చని తెలుసు. మొదటిసారి గదా, ఎవరినైనా అడిగి చేద్దామని ఒక ట్రావెల్ ఏజెన్సీకి పోయాను. "కూర్చోండి సార్, మీదే వీధి?" అన్నాడు. చెప్పాను. మన దగ్గర ఆ ప్రశ్న దేనికో మీకు వివరించక్కర్లేదు. ఒక్క నిమిషం కంప్యూటర్ వైపు చూసి, "క్రూజులో ఏముంటుంది సార్, మీవాళ్లకు జెరూసలేం ప్యాకేజీ ఉంది, పాస్టర్లతో కలిసి పోవచ్చు" అన్నాడు. నేను పోయేది యాత్రకు కాదు, విహారానికి అన్నాను. ఆ మాట అతనికి అర్థం కాలేదు. బయటికొచ్చేశాను.

విహారం. నేను పీహెచ్‌డీ చేసిన రోజుల్లో ఈ మాట మీద ఎన్ని కాగితాలు నింపానో. కావ్యానికి పద్దెనిమిది వర్ణనలుండాలని లక్షణకారులు చెప్పారు, వాటిల్లో జలక్రీడ ఒకటి. రాజు, రాణి, చెలికత్తెలు నీళ్లలో ఆడుకుంటారు. ఆ కొలను తవ్విందెవరు, మెట్లకు రాయి మోసిందెవరు అనేది వర్ణనలో లేదు. బౌద్ధంలోనేమో విహారమంటే భిక్షువులుండే చోటు. నాకు రెండర్థాలూ ఇష్టమే. రెంటిలో ఏదీ పలకల ఫ్యాక్టరీలో పని చేసిన ఆడమనిషికి నిషిద్ధం కాదు.

ఇక అందరూ అడుగుతున్న వివరాలు. కార్డేలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ ఇది. 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు, ఒకప్పుడు రాయల్ కరీబియన్ దగ్గర తిరిగింది. పదకొండు డెక్కులు. నైరుతి రుతుపవనాల నెలల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఆ కాలంలో ముంబై వదిలి ఇటు బంగాళాఖాతం వైపు వస్తుంటుంది. 2022 జూన్‌లో విశాఖ కూడా వచ్చింది, ఆ మరుసటి ఏడాది అక్కడ క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. మనకు విశాఖ కంటే చెన్నై దగ్గర. ఒంగోలు దాకా బస్సు, అక్కణ్ణుంచి రైల్లో మూడొందల కిలోమీటర్ల లోపే. మేం తీసుకున్నది రెండు రాత్రులది. చెన్నైలో ఎక్కి, సముద్రంలో తిరిగి, చెన్నైలోనే దిగడం.

ఏ కంపెనీ ఓడైనా సరే, మొదట కనపడే ధర గదికి కాదు, ఒక మనిషికి. అదీ గదిలో ఇద్దరుంటారన్న లెక్క మీద. దాని మీద పోర్టు చార్జీలు, సిబ్బందికిచ్చే గ్రాట్యుటీ, జీఎస్టీ కలుస్తాయి. అన్నీ కలిపిన చివరి అంకె చూశాకే ఇంట్లో చెప్పండి. బఫే భోజనం టికెట్టులోనే వస్తుంది. మందు, ప్రత్యేక రెస్టారెంట్లు విడిగా. గదుల్లో చవకది ఇంటీరియర్, దానికి కిటికీ ఉండదు. దానికంటే ఖరీదు ఎక్కువ కిటికీ గది, ఇంకా పైన బాల్కనీ. నా భార్య, రాత్రి పడుకునేదానికి కిటికీ ఎందుకు, ఇంటీరియర్ చాలంది. మామూలుగా ఆమె లెక్కే కరెక్టు. ఈసారి నేను ఒప్పుకోలేదు. అమ్మ తెల్లారుజామున నాలుగింటికే లేస్తుంది. లేచి గోడను చూస్తూ కూర్చుంటుందా? నలుగురికీ కలిపి ఒకటే కిటికీ గది తీసుకున్నాం. పై బెర్తు నా కూతురిది, ఇప్పటి నుంచే మంచమెక్కి దూకి ప్రాక్టీసు చేస్తోంది.

దేశంలోపల తిరిగే ఓడకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలు. శ్రీలంక వెళ్లేదానికి పాస్‌పోర్టు కావాలి. టికెట్టు మీద పేరు, కార్డు మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇక్కడే నేను చాలాసేపు ఆగిపోయాను. అమ్మను వాడంతా పిలిచే పేరొకటి, కార్డు మీద పేరొకటి. పుట్టినరోజు జనవరి ఒకటి, ఎన్యుమరేటర్ దయ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తెలిసిన వాళ్లకు ఈ రెండు పేర్ల సంగతి తెలుసు, ఇంతకంటే వివరంగా రాయను. కార్డు మీద పేరే టైపు చేశాను. స్క్రీన్ మీద ఆ పేరు చూసి అమ్మ, "ఎవురదీ?" అంది.

ఓడ కాగితాల్లో మనోళ్ల పేర్లు ఇంతకు ముందూ ఎక్కాయి. 1860 అక్టోబరులో ఇదే మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందిని ఎక్కించుకుని, నవంబరు 16న డర్బన్‌లో దింపింది. నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలతో పోయిన మొదటి ఓడ అది. ఆ తర్వాత 1911 దాకా లక్షన్నర మందికి పైగా పోయారు, అందులో తమిళులు, తెలుగువాళ్లు ఎక్కువ. ఆ ఓడల జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఇవన్నీ కాక కులం గడి. గుమాస్తా చెవికి ఎట్లా వినపడితే అట్లా రాసుకున్నాడు. సముద్రం దాటితే పతితులవుతారని బౌధాయన ధర్మసూత్రం పెద్దకులాలను భయపెట్టింది. పోగొట్టుకోడానికి ఏముందని మాల మాదిగలు భయపడతారు? కరువు తోలితే ఎక్కారు.

రంగూన్ కథ ఇంకా దగ్గరిది. కోరంగి రేవు పేరుతో బర్మావాళ్లు మన తెలుగు కూలీలను కొరంగీలన్నారు. వాళ్లు పోయింది డెక్ టికెట్టు మీద. ఎండా వానా అక్కడే, మూటల మధ్య. రంగూన్ రేవులో బస్తాలు మోశారు, 1930 మేలో అక్కడి అల్లర్లలో దెబ్బలు తిన్నారు. ఇప్పుడు నా టికెట్టు మీద కూడా డెక్ నంబరు ఉంది. మాట అదే, డెక్కు. ఆ గడి నింపుతుంటే చేయి కాసేపు ఆగింది.

బుకింగ్ ఫారంలో కులం గడి లేదు. భోజనం గడి ఉంది: వెజ్, నాన్‌వెజ్, జైన్. ఎవరి పళ్లెం వాళ్లది, నాకు పేచీ లేదు. మేం నలుగురం నాన్‌వెజ్ అని నొక్కాం. మూడో తరగతి చదివే నా కూతురు ఆ బటన్ తనే నొక్కుతానని పట్టుబట్టింది.

అమ్మ భయం వేరే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగి పదుల మంది చనిపోయిన వార్త ఆమె టీవీలో రోజుల తరబడి చూసింది. "గోదాట్లోనే తేల్లా, సముద్రంలో తేలుతుందా?" అంటుంది. కూర్చోబెట్టి చెప్పాను. టైటానిక్ మునిగాక 1914లో కొన్ని దేశాలు కూర్చుని ఓడల భద్రతకు ఒప్పందం రాసుకున్నాయి. ప్రయాణికులందరికీ లైఫ్‌జాకెట్ ఉండాలి, బయల్దేరేటప్పుడు అందరినీ పిలిచి ప్రమాదం జరిగితే ఏం చేయాలో చూపించాలి, ఎంత పెద్దవాళ్లైనా తప్పించుకోడానికి లేదు. "అందరినీ ఒక్కచోటే నిలబెడతారా?" అంది. అవునన్నాను. ఆ మాట ఆమెకు నచ్చింది. భద్రత సంగతి కాదు, ఒక్కచోట నిలబడటం.

రెండో ప్రశ్న అసలైన పశ్చిమ ప్రకాశం ప్రశ్న. "అంత ఉప్పునీళ్ల మధ్యలో తాగే నీళ్లెక్కడివి?" ఓడలోనే సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే యంత్రాలుంటాయి, మన ఆర్వో ప్లాంటు లాంటిదే, చాలా పెద్దది అన్నాను. అమ్మకు వెంటనే అర్థమైంది. ఫ్లోరైడు నేల మీద బతికే మనకు ఆర్వో గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీళ్ల కోసం మా నాయన ఎదురుచూస్తూనే పోయాడు. "ఓడలో క్యాను ఎంతంట?" అనడిగింది. భోజనంతో పాటు ఊరికే ఇస్తారంటే నమ్మలేదు. ఇరవై లీటర్ల క్యాను ఒకటి రైల్లో పట్టుకుపోదామంది.

ఆ మిత్రుడికి నేనే తిరిగి ఫోన్ చేశాను. బాబాసాహెబ్ 1913లో న్యూయార్క్‌కు చదువు కోసం ఓడెక్కాడు, 1930లో మన హక్కు అడగడానికి లండన్‌కు ఓడెక్కాడు, మా అమ్మ ఏ పనీ లేకుండా ఎక్కుతుంది అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, మా అమ్మకు షుగరు, అక్కడ డాక్టరు ఉంటాడా?" అని అడిగాడు. ఉంటాడు. టికెట్టు ధర, తేదీలు వాట్సాప్‌లో పంపాను.

ప్రస్తుతానికి ఇంట్లో గొడవంతా చీర గురించి. ఓడ మీద గాలికి నేతచీర ఆగదని నా భార్య, పాలిస్టరు కడితే ఫోటోలో బాగుండదని నా కూతురు. అమ్మ మాత్రం చింతకాయ పచ్చడి సీసా ఎక్కడ దాచాలా అని చూస్తోంది. బయటి తిండి పనికిరాదని మూడుసార్లు చెప్పాను. వచ్చాక 32వ భాగం రాస్తా. జై భీమ్.