బిడారు నడిచిన బాటలో...

ఇల్లూ, పొయ్యీ, పసిపిల్లలూ, తిండిగింజలూ... అన్నీ ఎద్దుల మీదే. ఇవాళ ఇక్కడ మకాం, రేపు మరోచోట. కారు వెనక చిన్న ఇంటిని తగిలించుకుని ఆస్ట్రేలియా మారుమూల దారుల్లో వారాల తరబడి తిరిగేవాళ్ల గురించి ఇప్పుడు ముచ్చటగా చెప్పుకుంటున్నాం. నిజానికి ఆ క్యారవాన్ యాత్ర మన దక్కనుకు కొత్తేమీ కాదు. తెలుగులో దానికి చక్కటి పేరే ఉంది... బిడారు! హైదరాబాద్‌లోని కార్వాన్‌కు ఆ పేరు వచ్చింది కూడా గోల్కొండ కాలంలో అక్కడ దిగిన వర్తక బిడారుల వల్లే.

నగరానికి ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేటల వైపు ఉంటుంది రావల్కోల్. ఊరికి పడమరన నాగపూర్ రహదారి, తూర్పున కరీంనగర్ రహదారి. పొద్దున్నే కారులో నాగపూర్ దారి పడితే తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్, ఆదిలాబాద్... రాత్రి భోజనం నాగపూర్‌లోనే. సుమారు 500 కిలోమీటర్లు. అయినా దిగేసరికి నడుములు పట్టేశాయంటాం. అదే దూరం పెరికె ఎద్దులతో వెళ్తే? రోజుకు పది, పన్నెండు కిలోమీటర్లకు మించి సాగదు. అంటే నెలన్నర నడక!

రెండు రోజుల ట్రాఫిక్ జామ్

17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఈ బిడారులను చూసి నోరెళ్లబెట్టాడు. బియ్యం, ధాన్యం, ఉప్పు మోసే ఎద్దులు ఒక్కో బిడారులో పది, పన్నెండు వేలుండేవట. ఇరుకు దారిలో అవి ఎదురైతే బండివాళ్లు రెండు మూడు రోజులు పక్కన ఆగాల్సి వచ్చేదని రాశాడు. మన ట్రాఫిక్ జామ్‌లు దాని ముందు ఏపాటి!

ఆ ఎద్దులను నడిపించినవాళ్లలో ముఖ్యులు లంబాడీలు. కోస్తా నుంచి ఉప్పు లోపలి ప్రాంతాలకు, బేరారు పత్తి కోస్తా మగ్గాలకు చేరింది వాళ్ల చేతుల మీదుగానే. దండయాత్రలప్పుడు సైన్యాలకు గింజలు చేరవేసిందీ వాళ్లే. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన ఇంగ్లిషు సేనలు కూడా వాళ్ల ఎద్దుల మీదే ఆధారపడ్డాయి.

పని మాత్రం చెప్పలేనంత కష్టం. ఒక్కో ఎద్దు మీద క్వింటాలుకు పైగా బరువు. మకాంలో దించాలి, తెల్లారి మళ్లీ ఎక్కించాలి. వేల ఎద్దులకు, ప్రతిరోజూ! మేత కొనే పని లేదు, దారి పక్క గడ్డే ఆధారం. అందుకే సరకు రవాణా చవక, అందుకే నడక నిదానం. వానాకాలం వస్తే నల్లరేగడిలో గిట్టలు దిగబడిపోయేవి. ఆ నెలల్లో నీళ్లూ పచ్చికా ఉన్నచోట తండా వేసుకుని ఆగిపోయేవారు. పసిబిడ్డను చంకనేసుకుని ఆడవాళ్లూ మగవాళ్లతో సమానంగా నడిచేవారు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో నాయక్ చెప్పేవాడు. అతని లెక్కంతా మజిలీలదే. నీళ్లు లేని చోట మజిలీ లేదు.

రైలు కూత వేశాక...

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1900 ప్రాంతంలో మన్మాడ్ లైను మేడ్చల్ మీదుగా పడింది. ఎద్దులు నెలల్లో మోసే సరకును గూడ్సు బండి రోజుల్లో దించేస్తుంటే బిడారుతో పనేముంది? దీనికి తోడు 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద బ్రిటిష్ ఇండియాలో చాలాచోట్ల బంజారాల మీద దొంగల ముద్ర వేశారు. ఆ చట్టం రద్దయింది 1952లో. అప్పటికి నడక ఆగిపోయింది. వానాకాలం మకాంకు వాడిన ‘తండా’ అన్న మాటే స్థిరపడిన ఊళ్లకు పేరుగా మిగిలింది. 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలెన్నో గ్రామ పంచాయతీలయ్యాయి.

నడకకు కాలం చెల్లిందనుకున్నాం. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను భుజాన వేసుకుని వలస కూలీలు మేడ్చల్ మీదుగా ఇదే హైవే వెంట ఉత్తరాదికి నడిచారు. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలాక కూడా ఆ నడక ఆగలేదు. నున్నటి నాలుగు వరుసల దారిలో మైళ్లకొద్దీ నీడ లేదు, నీళ్ల కుండ లేదు. దారి పొడవునా స్థానికులు, స్వచ్ఛంద సేవకులు అన్నం, నీళ్లు అందించి ఆదుకున్నారు. మూడొందల ఏళ్ల కిందటి నాయక్‌కు తెలిసిన మజిలీ లెక్కను హైవే వేసినవాళ్లు మర్చిపోయారు!

ఆస్ట్రేలియాలో నలర్‌బోర్ మైదానం మీదుగా వెళ్లే ఐర్ హైవేలో ఒకచోట 146 కిలోమీటర్లకు పైగా చిన్న మలుపైనా ఉండదు. అక్కడ కూడా తర్వాతి రోడ్‌హౌస్ ఎంత దూరమో చూసుకున్నాకే బండి తీస్తారు. మన దారుల్లో టోల్‌గేట్లకు లోటు లేదు. నడిచేవాళ్లకు నాలుగు చెట్లు, ఓ చలివేంద్రం ఉండాలని అడగడం అత్యాశా?

ఈసారి అటు వెళ్తే నిర్మల్ దాటాక పాత దారిలో మహబూబ్ ఘాట్ దగ్గర కాసేపు ఆగండి. ఆ ఎత్తు మీదికి బరువుతో ఎద్దులను ఎక్కించడం ఎంత కష్టమో ఊహించుకోండి. దారిలో ఏ తండాలోనైనా పెద్దవాళ్లు కనిపిస్తే తాతల నాటి కబుర్లు అడగండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.