గుల్మార్గులో మా చిన్నదాని తొలి పాఠము



మనుచరిత్రములోని ప్రవరుని కథ మీలో పెక్కుమంది యెరిగినదే. సిద్ధుడిచ్చిన పాదలేపమును పూసికొని యాతడు హిమాలయమునకు వెళ్ళెను. మంచునీటికి ఆ లేపము కరగిపోగా ఇల్లు చేరు దారి గానక చిక్కులపాలయ్యెను. చిన్ననాడు మా తండ్రిగారు ఆ గ్రంథమును మాకు చెప్పునపుడు, "మంచునకు వెళ్ళువాడు ముందుగా పాదముల సంగతి విచారించుకొనవలదటమ్మా?" అని నవ్వుచు అడుగుచుండెడివారు. ఆ ప్రశ్న యొకనాడు మా యింటికే వచ్చునని మేము తలపలేదు. 2024వ సంవత్సరము ఫిబ్రవరినెలలో మా చిన్నకూతురునకు స్కీయింగు నేర్పించుటకై కాశ్మీరములోని గుల్మార్గునకు వెళ్ళివచ్చితిమి. అందులకు మేమేమి సిద్ధము చేసికొంటిమో, ఎచ్చట పొరబడితిమో తెలిపినచో, పిల్లలతో అట్టి ప్రయాణము తలపెట్టు తల్లులకు కొంత యుపయోగపడునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

స్కీలనగా పొడవుగను సన్నముగను ఉండి ముందుకొన పైకి వంగిన రెండు పలకలు. వానిని బరువైన బూట్లకు బిగించుకొని మంచువాలుమీద జారుచు పోవుదురు. ఈ మాటకు నార్వే దేశపు ప్రాచీనభాషలో చీల్చిన కొయ్య యని యర్థము. మంచుదేశములవారికి ఇది వేలయేండ్లుగా చలికాలపు నడక. వినోదమైనది మాత్రము ఇటీవలి మాట.

మా చిన్నదానికి అప్పుడు ఆరవయేడు. నాలుగవయేట మేడమెట్లమీదనుండి పడి యెడమచేయి విరుగగొట్టుకొన్నది. కట్టు విప్పిన పిదప ఎముక చక్కగా అతికినదని వైద్యులు చెప్పిరి. కాని నాటినుండి పిల్ల పరుగెత్తుట మానినది. మెట్టు దిగవలెనన్న మా చేతికై చూచును. ఈడుపిల్లలు తొక్కుడుబిళ్ల యాడుచుండగా తాను అరుగుమీద కూర్చుండి చూచును. మేమును విడువక ఆ చేయి పట్టుకొనుచునే యుంటిమి.

శ్రీనగరములో ఉద్యోగము చేయుచున్న మా మరిది ఒకనాడు ఫోనులో, "వదినా, ఇచ్చట నాలుగైదేండ్ల పిల్లలు మంచుమీద జారుచున్నారు. చిన్నదానిని తీసికొనిరండి" అనెను. మావారు బడిపంతులు; పిల్లలకు క్రొత్తది నేర్పుట యన్న వారికి వేరుగా చెప్పనక్కరలేదు. అత్తగారు మాత్రము, "నేలమీద పరుగెత్తని పిల్లను మంచుమీద జార్చుదురా? ఇదెక్కడి చోద్యమే తల్లీ!" అని బుగ్గను చేయి చేర్చుకొనిరి. నిజము చెప్పవలెనన్న, ఆమె మాటయే మా మనస్సులోని మాటయు.

మొదట సంక్రాంతి సెలవులలో వెళ్ళుటకు నిశ్చయించుకొంటిమి. కాని ఆ జనవరి పూర్వార్ధమున గుల్మార్గులో మంచే లేదు. తెల్లగా నుండవలసిన మైదానము ఎండుగడ్డితో గోధుమవన్నెగా నున్నదని మరిది ఫోటోలు పంపెను. అచ్చటికి చలికాలపు మంచును దెచ్చునవి పడమటినుండి, మధ్యధరాసముద్రపు దిక్కునుండి వచ్చు వాయుగుండములు. ఆ యేడు అవి ఆలస్యమైనవి. 2025లో సైతము మంచు చాలక, ఫిబ్రవరిలో గుల్మార్గునందు జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాలపు పోటీలు మార్చినెలకు వాయిదాపడినవి. కావున వెళ్ళదలచినవారు మంచు పడినదని తెలిసినపిదపనే టిక్కెట్లు కొనుట, లేదా తేదీ మార్చుకొన వీలున్న టిక్కెట్లు కొనుట మంచిది.

ఆలస్యమైన ఆ నెలదినములు మాకు వృథాపోలేదు. మావారు పిల్లకు సాయంకాలము కొన్ని యాటలు కల్పించిరి. గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకయే కుర్చీలో కూర్చున్నట్లు నిలుచుట యొకటి. ఒకప్పుడు బడిలో అది శిక్ష, గోడకుర్చీ యందుము. మోకాళ్లు వంచి తొడలయందు బలము నిలుపుకొనుట స్కీయింగునకు ముఖ్యమట. ఒంటికాలిమీద నిలిచి పదివరకు లెక్కించుట, అన్నగారి పెద్దబూట్లు తొడిగికొని గదిలో నడచుట, మెట్లను ప్రక్కవాటుగా ఎక్కుట, పరుపుమీద ప్రక్కకు ఒరిగి పడి చేతిసాయము లేకుండ లేచుట మిగిలినవి. పడుట అను ఆటకు మాత్రము చిన్నది రానన్నది. మేమును బలవంతము చేయలేదు. చేయవలసియుండెనేమో యని తరువాత తోచినది.

నెలాఖరున మంచు కురియ నారంభించెను. ఫిబ్రవరి రెండవవారమున మావారు సెలవు పెట్టగా, ఢిల్లీవరకు రైలుమీదను, అచ్చటినుండి శ్రీనగరమునకు విమానముమీదను వెళ్ళితిమి. 2025 జూన్ నుండి కత్రామీదుగా శ్రీనగరమునకు రైలు నడచుచున్నది గనుక ఇపుడు మార్గము మరింత సులభము. శ్రీనగరము సముద్రమట్టమునకు సుమారు 1,585 మీటర్ల యెత్తున నున్నది. గుల్మార్గు 2,650 మీటర్లు. సముద్రతీరపు గాలికి అలవాటుపడిన పిల్లను ఒక్కసారిగా పైకి గొనిపోరాదని ఒకదినము మరిది యింటనే నిలిచితిమి.

శ్రీనగరమునుండి గుల్మార్గు సుమారు 50 కిలోమీటర్లు. తంగ్‌మర్గు వరకు దారి సమమే; పైన మిగిలిన 13 కిలోమీటర్లు దేవదారువృక్షముల నడుమ మలుపులు తిరుగుచు ఎక్కును. చలికాలమున చక్రములకు గొలుసులు కట్టిన బండ్లే అచ్చట సాగగలవు. కొమ్మలమీది మంచు గాలికి రాలుచుండగా, "అమ్మా, చెట్లు సున్నము రాల్చుచున్నవి" అని చిన్నది ఆశ్చర్యపడినది. పూర్వము ఈ చోటు గౌరీమార్గమనియు, పదునారవ శతాబ్దమున యూసుఫ్‌షా చక్ అను సుల్తాను పూలమైదానమను అర్థముతో గుల్మార్గని పేరు మార్చెననియు చెప్పుదురు. మైదానము నడుమ దిబ్బమీద 1915లో మహారాణి కట్టించిన శివాలయము మంచులో మునిగి ఎఱ్ఱని శిఖరముతో కానవచ్చెను. దర్శించి, పిల్లను గూర్చి మ్రొక్కుకొంటిమి. అదే యేడు జూన్‌లో ఆ యాలయము అగ్నిపాలైనదని విని మిక్కిలి విచారించితిమి.

ఇక పరికరముల సంగతి. ఎదుగుచున్న పిల్లకు స్కీలు కొనుట వ్యర్థము, అద్దెకు తీసికొనవచ్చును. స్కీని నిలువుగా పిల్లప్రక్క నుంచినపుడు ఛాతికిని గడ్డమునకును నడుమ రావలెను. అంతకు మించినచో తిప్పుట కష్టము. బూటు విషయమున తల్లులు చేయు పొరపాటు ఒకటి కలదు: వచ్చే యేటికి సరిపోవునని పెద్దది తీసికొనుట, లేదా చలికని రెండు మేజోళ్లు తొడుగుట. రెండును తగవు. పలుచని పొడవాటి ఉన్నిమేజోడు ఒక్కటే చాలును; రెండైనచో మడతలుపడి కాలు ఒరియును, రక్తము చక్కగా ప్రసరింపక చలి హెచ్చును. బూటు బిగించి మోకాళ్లు ముందుకు వంచినపుడు మడమ పైకి లేవరాదు, వ్రేళ్లు కదలవలెను. స్కీని బూటునకు పట్టియుంచు బిగింపు, పిల్ల పడినపుడు తానే విడిపోవునట్లు అమర్చబడినది. అది పిల్ల బరువును, ఎత్తును, బూటు పొడవును బట్టి సరిచేయవలసినది గనుక, అద్దెకిచ్చువానిచే మీ యెదుటనే సరిచేయించుకొనుడు. తలకు హెల్మెట్టు తప్పనిసరి. చేతికఱ్ఱలు మొదటి పాఠములలో పసిపిల్లలకు అక్కరలేదు.

లోదుస్తులు నూలువి తగవు. చెమట పీల్చి తడిసి ఒంటికి చలి పుట్టించును. సన్నని ఉన్నివి మేలు. వ్రేళ్లు విడివిడిగా నుండు చేతితొడుగులకన్న, నాలుగు వ్రేళ్లు ఒకచోట నుండునవి పిల్లలకు వెచ్చన. క్రొత్తగా పడిన మంచు సూర్యుని అతినీలలోహిత కిరణములలో నూటికి 80 వంతులవరకు తిరిగి ముఖమునకు విసరును. ఎత్తునకు పోయినకొలది ఆ కిరణముల తీవ్రతయు హెచ్చును. కావున ముఖమునకు ఎండక్రీమును, కన్నులకు నల్లని అద్దములును వలయును. అన్నిటికన్న ముఖ్యము: ఈ దుస్తులన్నియు తొడుగుటకు ముందే పిల్లను మరుగుదొడ్డికి పంపుడు. ఈ మాట మేము అనుభవముమీద వ్రాయుచున్నాము.

ఇన్నియు శ్రద్ధగా చూచుకొన్న మేము గురువు విషయమున మాత్రము తొందరపడితిమి. పరికరముల యంగడి వాకిట కలిసిన యువకుని, అతడు చురుకుగా నున్నాడని, మొదటిదినమే కుదుర్చుకొంటిమి. అతడు పిల్ల పేరైన అడుగలేదు. పావుగంట సమమైన చోట నడిపించి, వెంటనే లాగుడుత్రాడు పట్టించి వాలు పైకి తీసికొనిపోయెను. పైనుండి క్రిందికి చూచినంతనే చిన్నది బిగుసుకొనిపోయినది. అతడు దానిని తన మోకాళ్లనడుమ నిలుపుకొని జారించుకొని వచ్చుచుండగా ఇద్దరును పడిరి. దెబ్బ తగులలేదు. కాని పిల్ల మా మెడ కౌగిలించుకొని, "ఇంటికి పోదామమ్మా" అని గంటసేపు ఏడ్చినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తిరిగి పోవుదమని మేము. ఇంకొక్కదినము చూతమని మావారు.

మరునాడు మరిది విచారించి, నడివయస్సు దాటిన వేరొకరిని తీసికొనివచ్చెను. ఆయన పలుమార్లు పసిపిల్లలకు నేర్పినవారు. మాకు నమస్కరించి, మాతో మాటాడకయే చిన్నదాని యెదుట మంచులో మోకరిల్లి పేరడిగిరి. "నీ చేయి ఎందుకట్లు దాచుకొందువు?" అని రెండవ ప్రశ్న. మే మెవ్వరమును ఆయనకు చెప్పియుండలేదు. చిన్నది తనకు వచ్చిన హిందీలో మెట్ల కథ చెప్పినది. ఆయన తలయూచి, "అయితే నేడు స్కీలు వలదు, పడుట నేర్చుకొందము" అనిరి.

పిమ్మట మావైపు తిరిగి, "అమ్మగారు ఆ టీకొట్టులో కూర్చుండవలెను. పిల్లకు అమ్మగారు కనబడరాదు" అనిరి. మాకు కోపము వచ్చినమాట నిజము. మావారు మెల్లగా, "బడివాకిట కిటికీలోనుండి తొంగిచూచు తల్లులను నేను ప్రతి జూన్‌లోను చూచుచుందును. తల్లి కనబడినంతసేపు పిల్ల అక్షరమును చూడదు" అనిరి. ఇక మారుమాట లేక పోయి కూర్చుంటిమి. కాశ్మీరులు త్రాగు గులాబివన్నె ఉప్పుటీ మాచేతిలోనే చల్లారినది.

కిటికీ ఆవిరిని తుడిచి తుడిచి చూచితిమి. మొదట ఆయన తాను పడిరి. ప్రక్కకు, మెత్తగా, బస్తా ఒరిగినట్లు. చిన్నది నవ్వినది. మరల పడిరి. మూడవమారు అది కూడ పడినది. లేవనెత్తుటకు మా చేతులు కిటికీ అద్దమువరకు పోయినవి. ఆయన మాత్రము లేపలేదు. ప్రక్కన పడియుండి ఎదురుచూచిరి. చిన్నది మోకాలిమీద, అరచేతిమీద బలము మోపి తానే లేచినది. విరిగి అతికిన ఆ యెడమచేతిమీదనే.

పిదప ఒకకాలికి ఒక స్కీ, తరువాత రెండవది. నిలుచుటకు కొనలు దగ్గరగను, వెనుకలు దూరముగను పెట్టవలెను. విదేశీయుల పిల్లలకు పిజ్జా ముక్కవలె అని చెప్పుదురట. చిన్నది, "మా బామ్మ ముగ్గులో గోపురము!" అన్నదట. నాటినుండి ఆగవలసినపుడెల్ల ఆయన "గోపురం" అనియే కేకవేసిరి. నాలుగవదినమున ఆరేడు గజముల వాలు తానొక్కతే జారి గోపురముతో ఆగినది. అంతకన్న గొప్ప విద్య యేదియు నేర్వలేదు, మాకు చాలును.

అచ్చట రోప్‌వే పెట్టెలు రెండు మజిలీలుగా అఫర్వట్టు కొండపైకి, సుమారు 3,950 మీటర్లవరకు పోవును. మొదటిది 1998లోను, రెండవది 2005లోను ఏర్పడినవి. పైవాలులు నిపుణులకే తగినవి. మేము ఇల్లు చేరిన పిమ్మట, ఫిబ్రవరి 22న ఆ యెగువవాలులలో మంచు విరిగిపడి ఒక రష్యాదేశీయుడు మరణించెనని వింటిమి. నేర్చుకొను పిల్లలకు క్రింది మైదానపు మెత్తని వాలులే చాలును.

సోదరీమణులారా, గురువును కుదుర్చుకొనునపుడు రుసుమును, కాలమును ముందుగా మాటాడుకొనుడు. పసివారికి పూట పాఠము చాలును, దినమంతయు వలదు. ఆయన మొదట ఎవరితో మాటాడునో, పడినపిల్లను ఏమి చేయునో, వేరొక పిల్లకు నేర్పునపుడు దూరమునుండి చూడుడు. బూట్ల కొలతకై మేము గడిపిన గంటలో సగమైన ఇందులకు గడిపియున్నచో మొదటిదినపు కన్నీరు తప్పియుండెడిది.

ఇల్లు చేరిన మరునాడు చిన్నది మేడమెట్లమీదినుండి పరుగున దిగుచుండగా అత్తగారు, "పడుదువే!" అని కేకవేసిరి. అది ఆగకయే, "పడితే ప్రక్కకు పడతాలే, బామ్మా!" అన్నది. అత్తగారు మావైపు చూచిరి. మేము చేతిలోని చాటను దించకయే బియ్యము చెరుగుచుంటిమి.