నరికుడి స్టూడియోలో పాత గొంతులు

తమిళనాడులో విరుదునగర్ నుంచి మానామదురై వెళ్లే రైలు మార్గంలో అరుప్పుకోట్టై, తిరుచ్చుళి దాటాక నరికుడి వస్తుంది. తిరుచ్చుళి రమణ మహర్షి పుట్టిన ఊరు కాబట్టి దాని పేరు చాలామందికి తెలుసు. నరికుడి గురించి అంతగా ఎవరూ రాయరు. పట్టాల వెంట సీమతుమ్మ, మెట్టచేలు, చెరువు కట్టలు. బజారులో ఒక ఫోటో స్టూడియో ఉంది, నేను వెళ్లింది దాన్ని చూడడానికే. పెళ్లి వీడియోలు తీయడం వాళ్ల వృత్తి. పాత క్యాసెట్లు, డీవీడీలు, ఫోన్ వీడియోలను ఎడిటింగ్‌కూ, సభల్లో తెర మీద చూపడానికీ పనికొచ్చేలా మార్చి ఇవ్వడం ఇప్పుడు వాళ్లకు రోజువారీ పని.

యజమానిది కోవిల్‌పట్టి వైపు తెలుగు కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, లెక్కల పుస్తకంలో రాత తమిళం. ఈ నల్లరేగడి సీమలో తెలుగిళ్ల తీరే అది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చిన కథను తమిళంలోనే నవలలుగా రాశారు. వాటిలో ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కథ తమిళ అక్షరాల్లో నిలిచింది. ఇక్కడి తెలుగు మాత్రం చాలావరకు నోటి మీదే బతుకుతోంది. అందుకే పాత పెళ్లి వీడియోలంటే నాకు అంత పట్టింపు.

నేనున్నప్పుడే పక్క పల్లె నుంచి ఒకాయన డీవీడీ తెచ్చారు. తొంభైల్లో జరిగిన అక్క పెళ్లి. వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి ఎప్పుడో డీవీడీకి ఎక్కించారు, క్యాసెట్ బూజు పట్టి పోయింది. పెళ్లికూతురికి నలుగు పెడుతూ అవ్వ పాడిన పాట అందులో ఉంది. అవ్వ ఇప్పుడు లేరు. ఆ ముక్క కత్తిరించి ఇంటి వేడుకలో చూపాలని ఆయన కొడుకు ఇంట్లో ప్రయత్నిస్తే బొమ్మ వచ్చింది, పాట రాలేదట.

“పాట ఎక్కడికీ పోలేదన్నా, లోపలే ఉంది. బొమ్మ ఒక పద్ధతిలో ఉంది, శబ్దం ఇంకో పద్ధతిలో ఉంది. మీ సాఫ్ట్‌వేర్‌కు రెండోది చదవడం రాదు, అంతే” అన్నాడు యజమాని.

డీవీడీ తెరిచి చూపించాడు. లోపల వీఓబీ ఫైళ్లు, ఒక్కొక్కటి 1 జీబీకి మించదు. బొమ్మ ఎంపెగ్-2, శబ్దం ఏసీ-3. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఏసీ-3ని తీసుకోవు. అతను ముక్కలన్నీ వరసగా కలిపి ఒకే ఫైలు చేసి, శబ్దాన్ని కుదింపు లేని వేవ్‌గా మార్చాడు. ఈ పనికి వాడేది ఎఫ్ఎఫ్ఎంపెగ్. 2000లో ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది.

తెర మీద అవ్వ చెయ్యి కదిలినప్పుడల్లా వేళ్ల అంచున అడ్డంగా గీతలు లేచాయి. పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు ఇంకో క్షణానివి. వాటిని విడదీయగానే వేళ్లు నునుపుగా కదిలాయి. బొమ్మ కొలత 720×576. కొత్త టీవీ నిండాలని పక్కలకు సాగదీస్తే ముఖాలు ఉబ్బిపోతాయి. అతను సాగదీయలేదు, 4:3గానే ఉంచి రెండు పక్కలా నలుపు వదిలాడు. ఎడిటింగ్ కోసం ప్రోరెస్ అనే పద్ధతిలో ఇచ్చాడు. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉంటుంది కాబట్టి ఎక్కడ కత్తిరించినా కంప్యూటర్ తడబడదు. కాకపోతే ఈ కొలతకే గంటకు సుమారు 18 జీబీ పడుతుంది.

ఆ పని నడుస్తుండగా ఒక టీచరమ్మ వచ్చారు. ఊరి చెరువు గురించి పిల్లల చేత పవర్‌పాయింట్ చేయించారు. ఐఫోన్‌లో తీసిన వీడియో బడి కంప్యూటర్‌లో నల్లగా వస్తోంది. 2017 నుంచి ఐఫోన్లు మామూలుగా హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో తీస్తాయి, పాత కంప్యూటర్లకు అది అర్థం కాదు. బొమ్మను హెచ్.264కు, శబ్దాన్ని ఏఏసీకి మార్చి ఎంపీ4గా ఇచ్చాడు. పవర్‌పాయింట్‌కు మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసేదీ అదే. ఫోన్ వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. అలాగే ఎడిటింగ్‌కు తీసుకుంటే పోను పోను పెదవులు ఒకచోట, మాట ఒకచోట అవుతాయి. అందుకని వేగాన్నీ స్థిరం చేశాడు. “లింకుగా పెట్టకండి మేడమ్, వీడియోను స్లైడులోనే చేర్చండి. లేకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లాక కనబడదు” అని జాగ్రత్త కూడా చెప్పాడు.

అతని పనిలో నాకు బాగా నచ్చింది ఒక నియమం. మార్చిన ఫైలుతో పాటు అసలు ఫైలునూ ముట్టుకోకుండా తిరిగి ఇస్తాడు. కుదించిన వీడియోను మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన కాపీలో అవ్వ ముఖం గుర్తుపట్టవచ్చు గాని, పాటలో సన్నటి పలుకులు చెదిరిపోతాయి. రేపు ఈ సీమ తెలుగును వినాలనుకునేవాళ్లకు కావలసినవి ఆ పలుకులే.

వీహెచ్‌ఎస్ యంత్రాల తయారీని జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016లో ఆపేసింది. ఉన్నవి పాడైతే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. కాబట్టి బీరువాల్లో క్యాసెట్లున్న ఇళ్లవాళ్లు ఈ ఏడాదే వాటిని బయటికి తీయాలి. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు ఇలాంటి స్టూడియోలతో చేయి కలిపి, ఇంటివాళ్ల అనుమతితో ఒక్కో కాపీ దాచాలి. ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, పాడినవారి పేరు రాసిపెట్టాలి. మార్చే విద్య నరికుడి బజారులోనే ఉంది, ఖర్చు కూడా పెద్దది కాదు. క్యాసెట్ మీద అయస్కాంతపు పూత రాలిపోయాక మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఆ గొంతును తిరిగి తేలేదు.