ఆసుపత్రిలోని యిల్లాలు

ఆసుపత్రి యనగానే మనకు మొదట తలఁపునకు వచ్చువారు డాక్టరుగారు. వారు వార్డులోనికి వచ్చి, రోగిని పరీక్షించి, మందు వ్రాసి పోవుదురు. తక్కిన వేళలయందు రోగిని కనిపెట్టువారు నర్సులు. మఱి యా నర్సులను కనిపెట్టువారెవరు? ఈ ప్రశ్న మన యిండ్లలో తఱచుగా వినఁబడదు.

పూర్వము మేట్రను అనియు, పిదప హెడ్ నర్సు, నర్సింగు సూపరింటెండెంటు అనియు పిలువఁబడిన పెద్ద నర్సుల పని యిదియే. మూడు షిఫ్టులకును మనుష్యులను సర్దవలెను. కొత్తపిల్లను అనుభవము గలవారి ప్రక్క నుంచవలెను. ఒక షిఫ్టువారు దిగునపుడు ఎక్కువారికి ప్రతి మంచముకడను రోగి స్థితి చెప్పి యప్పగించునట్లు చూడవలెను. మందుల బీరువా, దుప్పట్ల లెక్క, చేతుల శుభ్రత, బంధువుల కోపతాపములు, ఇవన్నియు వారి తలమీఁదివే.

కొన్నియేండ్ల క్రిందట మేము మొగల్తూరునుండి మా చిన్నకోడలిని పురిటికై పట్టణమందలి యొక ఆసుపత్రిలో చేర్చితిమి. పగలెల్ల వార్డు నడిపిన పెద్ద నర్సమ్మగారు ఇంటికి పోవుచు, రాత్రి డ్యూటీకి వచ్చిన పిల్లతో మా యెదుటనే యిట్లనిరి: "అమ్మాయీ! ఏ మాత్రము సందేహము తోఁచినను డాక్టరమ్మగారిని లేపుము. ఊరక లేపితివని యెవరైన కోపించినచో నా పేరు చెప్పుము."

కాన్పు సుఖముగనే జరిగెను. గంటసేపటికి బాలెంతకు రక్తస్రావ మధికమయ్యెను. మా కాళ్లు చేతులు ఆడలేదు. ఆ పిల్ల మాత్రము జంకలేదు. కడుపు మర్దించుచునే ఆయాచేత డాక్టరమ్మగారికి కబురంపెను. సూదిమందు పడెను, సెలైను ఎక్కెను. తెల్లవాఱునప్పటికి కోడలు కన్నులు తెఱచి బిడ్డ నడిగెను. ఆ రాత్రి పెద్ద నర్సమ్మగారు అచ్చట లేరు. వారి యేర్పాటు మాత్ర ముండెను.

తాను లేనప్పుడును పని జరుగునట్లు చేయుటయే అధికారిణి లక్షణమని ఫ్లారెన్సు నైటింగేలు 1859లో ప్రకటించిన తన నర్సింగు గ్రంథములో బోధించెను. ఆమె 1854లో క్రిమియా యుద్ధమునఁ గాయపడిన సైనికుల సేవకు నర్సులను వెంటఁగొని పోయెను. 1860లో లండనునందు శిక్షణాలయము నెలకొల్పెను. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన కాటనుదొరగారి నీటిపారుదల వాదమును ఆమె బలపఱచె ననుట మన డెల్టావారికి ముచ్చటయైన సంగతి. మన తెలుగునాట 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి స్థాపించిరి. తెలుగు బాలికలు నర్సుపని నేర్చిన తావులలో అదియొకటి.

ఈ నేర్పు మనకు కొత్తదికాదు. పుట్టినింటికి నాలుగునాళ్లు పోయిన యిల్లాలి యింట దీపము వేళకు వెలిగినచో ఆమె సమర్థురాలు. చీటికిమాటికి కసరుకొను నత్తగారి యింట కోడలు పాలు పొంగిన సంగతి దాఁచును. వార్డులోను అంతియే; తిట్లకు వెఱచిన పిల్ల రోగి జ్వరమును సైతము ఆలసించి చెప్పును. కావున పిల్లకు ధైర్య మిచ్చుట మెత్తఁదనము గాదు, రోగికి రక్ష.

మనవారిని ఆసుపత్రిలో చేర్చినపుడు వార్డు పెద్ద యెవరో మొదట తెలిసికొనుఁడు. రోగి బాధను దాఁపక వారికిఁ జెప్పుఁడు. నర్సులను పనికత్తెలవలె కేకవేయకుఁడు. మీ కూఁతురు ఈ విద్య నభ్యసింతు ననినచో, రాత్రి డ్యూటీలు ఉండునని వెనుకకు లాగకుఁడు. ఏ తల్లి బిడ్డయో ఆ రాత్రి మేలుకొని యుండుటచేతనే నేఁడు మా యింట మనుమఁడు తల్లి యొడిలో ఆడుకొనుచున్నాఁడు.