నేతగాడి కూతురు

‘‘డాడీ, ఎప్పటిదో ఇంగ్లండు నవల మాకెందుకు పెట్టినట్టు?’’ పన్నెండో తరగతిలో మా అమ్మాయి నన్నడిగిన ప్రశ్న ఇది. 2016 నాటి సంగతి. అప్పట్లో సీబీఎస్‌ఈ ఇంగ్లిష్‌లో రెండు నవలలుండేవి. హెచ్‌.జి.వెల్స్‌ ‘ది ఇన్విజిబుల్‌ మ్యాన్‌’, జార్జ్‌ ఇలియట్‌ ‘సైలస్‌ మార్నర్‌’. ఏదో ఒకటి చదవాలి. దాని బడిలో రెండోది చెప్పారు. వాక్యం మొదలైతే ఓ పట్టాన ముగియదని దాని గోల.

నేనేం చెప్పను? ఇంటర్లో నాకూ డికెన్స్‌ నవల ఉండేది. పుస్తకం తెరిస్తే ఒట్టు! గైడులోని నాలుగు వ్యాసాలు బట్టీ పట్టి గట్టెక్కాను.

ఓ ఆదివారం బాన్సువాడలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, అమ్మాయికి కథ తెలుగులో చెబుతున్నాను. పక్కనే మంచం మీద బాపు. నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. నేతగాడి కథ అనగానే లేచి కూర్చున్నాడు.

1861లో వచ్చిన నవల అది. స్నేహితుడి కుట్రతో దొంగ అన్న నింద పడి, సైలస్‌ ఊరు విడిచిపోతాడు. కొత్త ఊళ్లో ఒంటరిగా బట్ట నేస్తూ బంగారు నాణేలు కూడబెడతాడు. అవి కాస్తా దొంగలపాలవుతాయి. ఓ మంచు రాత్రి, తల్లి చనిపోయిన పసిపిల్ల ఒకతె అతని గుడిసెలోకి వస్తుంది. పొయ్యి వెలుగులో ఆ పిల్ల జుట్టు చూసి, చూపు ఆనక, పోయిన బంగారమే తిరిగొచ్చిందనుకుంటాడు. పెంచి పెద్ద చేస్తాడు. పదహారేళ్లకు కలవారైన కన్నతండ్రి వచ్చి, నా బిడ్డను నాకివ్వమంటాడు.

‘‘పోయిందా మరి?’’ అన్నాడు బాపు.

‘‘పోలేదు తాతా. పెంచినాయనే నాయిన అన్నది.’’

బాపు కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను తలెత్తలేదు. ఆయన నా కన్నతండ్రి కాదు, పెదనాన్న. భివండీ మరమగ్గాల మీద పనికి వెళ్తూ అమ్మానాన్నా మూడేళ్ల నన్ను ఆయన దగ్గర వదిలారు. పన్నెండేళ్ల తర్వాత నాన్న తీసుకెళ్లడానికొస్తే, రానన్నాను. ఒక్కడే బస్సెక్కాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం.

ఆ రాత్రి పుస్తకం నేనే తెరిచాను. వాక్యాలు పొడుగే. కానీ బిడ్డ రానన్నాక ఆ కన్నతండ్రి ఇంటికెళ్లి భార్యతో ఏం మాట్లాడాడో కూడా రాసింది ఇలియట్‌. భివండీ వెళ్లాక మా నాన్న అమ్మతో ఏమన్నాడో నేనెన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

‘‘కథ మంచిగుంది డాడీ, పుస్తకమే కష్టం’’ అంది అమ్మాయి, పరీక్ష రాసొచ్చి. ఆ మాటా నిజమే. తర్వాత ఆ నవల సిలబస్‌ నుంచి పోయింది. పిల్లలకు బరువు తగ్గిందని సంతోషించాను. కానీ పాత పుస్తకాలవాడు వచ్చినప్పుడు, ఆ ఒక్కటి మాత్రం తీసి దాచుకున్నాను.