వంటగట్టుకో రాయి కావలెను

మొన్న దసరాకి మా ఫ్లాట్ తాళాలు చేతికొచ్చాయి. ఇరవై ఏళ్ళ లోను, ఇంటీరియర్స్ కోసం దానిమీద ఇంకో లోను. (మనలో ఎవరికి లేదు చెప్పండి!) అంత తగలేశాక వంటగట్టు మామూలుగా ఉంటే ఎలా అని, షోరూంలో ఇటాలియన్ మార్బుల్ దగ్గర ఆగిపోయాం. తెల్లటి రాయి, బూడిదరంగు చారలు... మా ఆవిడైతే దాన్ని నిమురుతూ ఉండిపోయింది.

టెస్టింగ్‌లో పనిచేసిన బుద్ధి ఊరుకుంటుందా? శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చి, చింతపండు పులుసు రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున తుడిస్తే మరక పోయింది, దాంతోపాటు అక్కడ మెరుపూ పోయింది. మార్బుల్ అంటే ఒళ్ళంతా కాల్షియం కార్బోనేట్ కదా, పులుపు తగిలితే కరుగుతుంది. "సీలర్ కొడతాం సార్" అన్నాడు షోరూం అబ్బాయి. సీలర్ వల్ల మరక లోపలికి దిగదంతే, పులుపు పైపొరని తినడం ఆగదు. పప్పుచారు లేని రోజుండని మా ఇంట్లో ఇది బతకదు.

"అయితే క్వార్ట్జ్ తీసుకోండి సార్." రాతిపొడిని రెజిన్‌తో కలిపి అచ్చుపోసిన పలక అది. పులుపుకి చలించదు. కాగిన గిన్నె నేరుగా దించితే మాత్రం రెజిన్ మాడుతుంది. సరే, కింద ఏదో పెట్టుకుంటాంలే అని అడ్వాన్సుకి సిద్ధమైపోయాను.

అదే వారం ఎదురు ఫ్లాట్‌లో అలాంటి పలకే కోస్తున్నారు. చుక్క నీళ్ళు లేకుండా, పొడిగా. కోసే కుర్రాడికి ఇరవై కూడా ఉండవు. ముక్కుకి జేబురుమాలు, కనురెప్పల దాకా తెల్లటి పొడి. ఆ రాత్రి దీని గురించే చదువుతూ కూర్చున్నా. ఇలాంటి పలకలు చాలావాటిలో సిలికా 90 శాతం పైనే. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, నయంకాని జబ్బు. పలకలు కోసే పనివాళ్ళు చిన్న వయసులోనే దీని పాలవుతుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వీటిని నిషేధించింది. షోరూంలో వారంటీ గురించి అరగంట చెప్పారు, ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

నాన్నకి ఫోన్ చేస్తే తిట్లు. "ఒంగోలోడివై ఉండి ఇటలీ రాయేందిరా? చీమకుర్తి ఏమైంది?"

నిజమే, బ్లాక్ గెలాక్సీ! నల్లరాతిలో కంచురంగు మెరుపు చుక్కలు. దేశదేశాలకి ఎగుమతయ్యే రాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, జాతికి గాబ్రో. క్వార్ట్జ్ చాలా తక్కువ. పులుసు పరీక్ష కూడా నెగ్గింది. ఏమాటకామాటే, పిండి పడినా వేలు పడినా పట్టిస్తుంది. మా ఆవిడకి ఆ నలుపు ఇప్పటికీ నచ్చలేదు.

ఏ రాయైనా దుమ్ము దుమ్మే కాబట్టి, నీళ్ళు పోస్తూనే కొయ్యాలన్నాను. మేస్త్రీ కూలి ఎక్కువడిగాడు, ఇచ్చాను. నీళ్ళు కారి కింది ఫ్లాటాయన రెండుసార్లు పైకొచ్చి అరిచి వెళ్ళాడు. కోసే కుర్రాడికి మాస్కుల పెట్టె కొనిచ్చాను. "ఊపిరాడదు సార్" అంటూ ఒకటి తీసి జేబులో పెట్టుకున్నాడు.