రిజిస్టరులో నేను రాసిన మాట

కిందటి శీతాకాలం మా సాకేత్ లో మురుగు కాలవ పని కోసం తెచ్చిన ప్రొక్లెయిన్ ను పార్కు గోడ పక్కన నిలిపారు. ఒక ఉదయం చూస్తే దాని బ్యాటరీలు రెండూ లేవు. వారం తిరక్కుండా తొట్టి పళ్ళు నాలుగు పోయాయి. బ్యాటరీలో అమ్ముడుపోయేది సీసం. ఒకసారి కరిగించి పోత పోస్తే అది ఎవరి సీసమో ఎవరూ చెప్పలేరు.

రాత్రి పహరా మొదలైంది. మా వీధిలో పంజాబీలు ఎక్కువ. వాళ్ళ పల్లెల్లో ఠీక్రీ పెహ్రా పేరుతో ఊరివాళ్ళే వంతులవారీగా కాపలా కాయడం పాత ఆచారం, 1918లో దానికి చట్టం కూడా చేశారు. రక్షణ శాఖ పద్దుల్లో జీవితం గడిపిన నేను ఊరుకుంటానా? రిజిస్టరు పెడదామన్నాను. తేదీ, సమయం, ఎవరు, ఎటు వెళ్ళారు. అందరూ భేషన్నారు.

ఒకావిడ మాత్రం దొంగ పేరు చెప్పే బాబా ఉన్నాడు, అడుగుదామంది. నాకు నవ్వొచ్చింది. మావైపు అంజనం వేసేవాళ్ళు కూడా ఇంతేనమ్మా, మన మనసులో ఉన్న అనుమానాన్ని మన నోటితోనే లాగి తమలపాకులో చూపిస్తారు అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను.

అయిదో రాత్రి నా వంతు. 3.40కి ఒక కుర్రవాడు గోనెసంచితో వెళ్ళాడు. 'అనుమానాస్పదం' అని రాశాను. ఎందుకు అనుమానం? సంచి ఉంది, చెప్పులు లేవు. అంతే! అదే రాత్రి వెళ్ళిన పాలవాన్ ను, పేపర్ల మోటార్ సైకిల్ ను రాయలేదు. వాళ్ళు మనకు తెలిసినవాళ్ళు కదా.

రెండు రోజుల తర్వాత వాణ్ణి పట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి ఒకాయన చేతిలో కర్ర, ఇంకొకాయన చేతిలో నా రిజిస్టరు! "అంకుల్ స్వయంగా రాశారు" అంటున్నాడాయన. వాడికి పదిహేనేళ్ళుండవు. పెదవి పగిలింది. సంచి బోర్లించాను. ప్లాస్టిక్ సీసాలు, బీరు డబ్బాలు, ఒక విరిగిన కొళాయి. "కొళాయి ఎక్కడిది?" అని గద్దించారు.

2001 మే నెలలో ఢిల్లీలో 'కాలా బందర్' భయం నేను చూశాను. అప్పుడూ ఇలాగే కర్రలతో రాత్రంతా కాపలా. బెదిరి మిద్దెల మీద నుంచి దూకి చచ్చినవాళ్ళున్నారు. ఒక పొట్టి సాధువును కోతిమనిషని కొట్టారని పత్రికల్లో వచ్చింది. చివరికి పోలీసులు నిపుణులతో విచారణ జరిపిస్తే ఏ జంతువూ లేదని, అది జనం భయమేనని తేలింది. నేను ఆ రోజుల్లో అందరినీ వెక్కిరించినవాణ్ణే.

లెక్క అప్పుడు చెప్పాను, ముందే చెప్పాల్సింది. బ్యాటరీ ఒక్కొక్కటి ముప్పై కిలోలు దాటుతుంది. రెండూ కలిపి ఈ పిల్లాడు మోస్తాడా? పెట్టె తాళం పగలలేదు, తాళంచెవితో తీశారు. తొట్టి పళ్ళ పిన్నులు సుత్తితో బాదితే గాని ఊడవు. ఆ చప్పుడు రాత్రిపూట ఒక్కరికీ వినపడలేదంటే, పని జరిగే పగటివేళ, చప్పుడు మామూలైన వేళ తీసి ఉంటారు. మన పహరా రాత్రి పదికి గదా మొదలయ్యేది!

"వీళ్ళకి పెద్ద ముఠాలుంటాయండీ, మీకు తెలీదు" అన్నాడు కర్ర ఆయన. ఇదే చిక్కు. సాక్ష్యం లేకపోవడం కూడా ముఠా తెలివికి సాక్ష్యమైపోయింది. నా లెక్క విని వదల్లేదు వాళ్ళు. వాణ్ణి ఠాణాకు తీసుకెళ్తే దెబ్బలు ఎవరు కొట్టారో కూడా రాసుకుంటారని నేనన్నాకే వదిలారు.

దొంగసొత్తని తెలిసి కొనేవాడికి ఐ.పి.సి. 411 ఉండేది, 2024 జూలై నుంచి న్యాయ సంహిత 317. పాత సామాన్ల దుకాణాలకు వెళ్ళి అడుగుదామంటే ఒక్కరూ కదల్లేదు. చలిలో కర్ర పట్టుకు నిలబడటానికి మాత్రం పదకొండుమంది.

దొంగ దొరకలేదు. కాంట్రాక్టరు మనుషులు ఇప్పుడు సాయంత్రమే బ్యాటరీలు విప్పి తీసుకుపోతున్నారు. ఆ కుర్రవాడు మళ్ళీ మా వీధికి రాలేదు. రిజిస్టరు నా దగ్గరే ఉంది. పద్దుల్లో తప్పు రాస్తే కొట్టివేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి, చెరపకూడదు. ఆ వరస మీద గీత కొట్టి సంతకం పెట్టాను. పక్కన 'సీసాలు ఏరుకునే పిల్లవాడు' అని రాశాను. వాడి పేరు అడగనేలేదు నేను.